టేపు మీద నాలుగు బొట్లు

డబ్బా మూత తియ్యగానే ఓదెలుకు సంగతి అర్థమైపోయింది.

అగ్గిపెట్టెకు అన్నలా ఉండే చిన్న క్యాసెట్టు. మీద అంటించిన చీటీ తెలుపు పోయి పాతపంటి రంగుకు తిరిగింది. 'మేకింగ్ 7' అని ఇంకుపెన్నుతో రాసి ఉంది. అక్షరాల కింద ఎండి నల్లబడిన కుంకుమ బొట్లు వరసగా ఉన్నాయి. ఓదెలు బొటనవేలితో ఒక్కొక్క బొట్టునూ తడిమి చూశాడు. నాలుగు. అనుమానం లేదు.

"ఏంది మామా, గట్ల చూస్తున్నవ్? బూజు గిట్ల పట్టిందా?" అంది భువన, కంప్యూటర్ మీది నుంచి చూపు తిప్పకుండానే.

"లేదు" అన్నాడు ఓదెలు.

అంతే. ఆయన నోటి నుంచి రెండో మాట రాకపోవడం ఆ ఆఫీసులో ఎవరికీ వింత కాదు. భువన కూడా ఎదురుచూడలేదు.

ఫిల్మ్‌నగర్ గుట్ట మీదికి ఎక్కే సందులో ఒక మూడంతస్తుల ఇంటిని ఎడిటింగ్ గదులుగా మార్చుకున్నారు. ఓదెలు అక్కడ ఇరవై ఏళ్ళుగా టేపుల మనిషి. టేపులు తుడవడం, చెమ్మ పట్టినవాటిని ఆరబెట్టడం, మిషనులో టేపును చదివే తలను స్పిరిట్ గుడ్డతో శుభ్రం చెయ్యడం ఆయన పని. ఇప్పుడు లోకంలో టేపులే లేవు. తాళాలు తియ్యడం, ఏసీ వాళ్ళకు ఫోన్ చెయ్యడం, ఆరో నంబరు గదివాళ్ళకు టీ పొయ్యడం, అదీ బతుకు. ఇన్నాళ్ళకు ఒక టేపు వచ్చింది కాబట్టి మళ్ళీ ఆయన్ని పిలిచారు. వచ్చిన టేపు ఇదే కావాలా?

ఇరవై ఒక్క ఏళ్ళ కిందటి సినిమా ఒకటి వచ్చే శుక్రవారం మళ్ళీ థియేటర్లకు వస్తోంది. దాని షూటింగ్ ముచ్చట్లతో అరగంట వీడియో కూడా విడుదల చేస్తున్నారు. అందులో ఆనాటి నిర్మాత, ఇప్పుడు ముసలాయన, కెమెరా ముందు కూర్చుని ఒక మాట చెప్పాడు. "క్లైమాక్స్‌లో ఒక ఫైటర్ తాడు తనే సరిగ్గా కట్టుకోకుండా దూకేశాడు. నిర్లక్ష్యం. పడ్డాడు. అయినా మేం షూటింగ్ ఆపలేదు."

ఆ ఫైటర్ పేరు తిరుమలేశ్. భువన తండ్రి.

ముప్పై అడుగుల మీది నుంచి పడి తుంటి ఎముక విరిగింది. చేతికర్ర వచ్చింది. అది సరే, విరిగిన ఎముక ఎట్లాగో అతుక్కుంది. అతుక్కోనిది ఆ 'నిర్లక్ష్యం' అన్న మాట. దూకలేకపోయినా కుర్రాళ్ళకు నేర్పుకుని బతకొచ్చు అనుకున్నాడు తిరుమలేశ్. తన తాడు తాను చూసుకోనోడు మనకేం నేర్పుతాడని ఒక్కడు కూడా గడప తొక్కలేదు. ఇప్పుడు అదే మాట ఊరంతా వినబోతోంది.

భువన నాలుగు రోజులుగా పెద్ద ఎడిటర్ సుబ్రహ్మణ్యం చుట్టూ తిరిగింది. ఆ రోజు పొద్దున ఆయన తేల్చి చెప్పాడు.

"చూడమ్మా భువనా, బొమ్మ చూపించు, మాట కోసేస్తాను. బొమ్మ లేకుండా పెద్దాయన మాట కొయ్యడానికి నేనెవర్ని చెప్పు? మీ నాన్నగారు కాబట్టి కోశాననుకుంటారు. నాలుగింటికి ఫైలు సౌండ్ మిక్సింగ్‌కి వెళ్ళిపోవాలి. నాలుగు తర్వాత నువ్వు దేవుణ్ణి తెచ్చి చూపించినా నేనేం చెయ్యలేనమ్మా."

బొమ్మ ఉంది. అప్పట్లో చింటు అనే కుర్రాడు చిన్న కెమెరా పట్టుకుని షూటింగ్‌లో జరిగేదంతా తీసేవాడు. వాడి నోటు పుస్తకం స్టోర్ గదిలో దొరికింది. ఏడో టేపు పేజీలో 'తిరుమలేశన్నకు తాడు కట్టుట' అని రాసి, పక్కన పన్నెండు నిమిషాల నలభై సెకన్లు అని నంబరు వేశాడు. ఆ టేపు ఆడించే డెక్కు ఈ కాలంలో ఎవరి దగ్గరా లేదు. టోలిచౌకిలో ఒకతని దగ్గర కిరాయికి దొరికింది. అతనూ నాలుగింటికే వచ్చి పట్టుకుపోతానన్నాడు.

ఇక ఆ ఆఫీసులో ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఉంది. ఆ తాడు కట్టింది ఓదెలు.

అప్పుడాయన ఫైట్ మాస్టర్ దగ్గర తాళ్ళ మనిషి. బెల్టు కొక్కేనికి తాడు వేసి ఒక ముడి, దాని మీద రెండో ముడి వెయ్యాలి. ఆ రోజు రెండోది వేశాడా, వెయ్యలేదా? వేశానని కొన్నాళ్ళు అనుకున్నాడు. వెయ్యలేదని కొన్నాళ్ళు. ఇప్పుడు ఏదీ గట్టిగా అనలేడు. గట్టిగా గుర్తున్నది ఒక్కటే. తిరుమలేశ్‌ను అంబులెన్స్ ఎక్కించాక మాస్టర్ అందర్నీ నిలబెట్టి, "ఎవడ్రా కట్టింది?" అని అడిగాడు. ఓదెలు నోరు తెరవలేదు. ఎవరూ తెరవలేదు. "అయితే వాడే కట్టుకుని ఉంటాడు" అన్నాడు మాస్టర్. ఆ మాటే శాసనమైపోయింది. తెలివి వచ్చాక తిరుమలేశ్ కూడా ఓదెలు పేరు ఎత్తలేదు. ఆస్పత్రికి వెళితే ముఖంలోకి ఒక్కసారి చూసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇద్దరి ఇళ్ళూ బోరబండలోనే, నాలుగు సందుల దూరం. ఇరవై ఒక్క ఏళ్ళలో ఒకరి ఇంటికి ఒకరు పోలేదు. భువనకు ఇక్కడ పని ఇప్పించింది మాత్రం ఓదెలే. ఆ పిల్లకు ఇవేవీ తెలియవు. మామా అని పిలుస్తుంది.

"పెట్టు మామా, టైం అయితాంది. ఒకటీ నలభై అయింది."

ఓదెలు టేపును డెక్కులో పెట్టాడు. డెక్కు దాన్ని మెల్లగా మింగింది.

"నోటుబుక్కు చూసి ఇరవై ఆరు ముక్కలు కొట్టి పెట్టిన" అంది భువన, తెర మీది జాబితాను చూపిస్తూ. "ఏడ మొదలు, ఏడ ఆఖరు, అన్నీ నంబర్లే. ఇగ మనం చెయ్యి పెట్టే పనే లేదు. అదే టేపు తిప్పుకుంటది, అదే లాక్కుంటది, టిక్కు కొట్టి ఇంకోదానికి పోతది. బ్యాచ్ క్యాప్చర్ అంటే గదే."

"నాయినది ఒక్కటే తీస్తె అయిపాయె గద" అన్నాడు ఓదెలు.

"సార్ ఒప్పుకోలే. డెక్కు కిరాయికి తెచ్చినప్పుడు అన్నీ తియ్యాలె అన్నడు. నాయినది పదకొండో ముక్క." మీట నొక్కింది. డెక్కులో టేపు గిర్రున తిరిగింది. "నేను పైకి పోయి సార్‌కు వీడియో మిగతా పని చూపెట్టి వస్త. నువ్వు జర చూస్తుండు. దేన్నీ ముట్టకు, మంచిగ నడుస్తది."

తలుపు మూసుకుంది. గదిలో ఓదెలు, డెక్కు మిగిలారు.

నాలుగు బొట్ల అర్థం ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. ఒకరు చింటు, వాడిప్పుడు ఏ దేశంలో ఉన్నాడో. రెండోవాడు ఓదెలు. సెట్లో రోజూ పొద్దున పెద్ద కెమెరాకు కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, బొట్టు పెట్టేవాళ్ళు. తన బుల్లి కెమెరాను ఎవరూ పట్టించుకోవడం లేదని చింటుకు ఉక్రోషం. "పెద్ద కెమెరాకే దేవుడా? మాకు లేడా?" అని వాడు రోజూ పొద్దున కెమెరాలోంచి టేపు తీసి, దేవుడి పటం కాళ్ళ దగ్గర పెట్టి, బొట్టు పెట్టి, దండం పెట్టుకుని మళ్ళీ లోపల వేసేవాడు. నిన్నటిది చెరిగిపోకుండా టేపును కాస్త ముందుకు జరిపి మొదలుపెట్టేవాడు. ఆ మధ్యలో ఖాళీ మిగిలేది. ఖాళీ తగిలితే కెమెరా నిన్నటి లెక్క మరిచిపోయి మళ్ళీ సున్నా నుంచి లెక్కపెడుతుంది. ఇక్కడ టేపుల పనికి వచ్చాక ఇలాంటివి మరి రెండు ఆడించి ఓదెలు ఆ గుట్టు పట్టుకున్నాడు.

ఒక బొట్టు, ఒక సున్నా. ఈ టేపులో నాలుగు సున్నాలు ఉన్నాయి. పన్నెండూ నలభై అన్న నంబరు ఒక్కచోట కాదు, నాలుగుచోట్ల ఉండొచ్చు. తాడు కట్టింది నాలుగో రోజు. చింటు పేజీ పైన 'నాలుగో రోజు' అని రాసే ఉంటాడు. భువన అది షూటింగ్ రోజు అనుకుని నంబర్లు మాత్రమే ఎక్కించింది. కంప్యూటర్‌కు రోజులు ఏం తెలుసు? అది మొదట కనిపించిన పన్నెండూ నలభైని పట్టుకుంటుంది. పచ్చ టిక్కు పెడుతుంది.

మొదటి ముక్కకు టిక్కు పడింది. జాబితాలో 'హీరో గుర్రం ఎక్కుట' అని ఉంది. తెర మీద ఎవరో జనరేటర్‌లో డీజిల్ పోస్తున్నాడు.

రెండోదానికి టిక్కు. మూడోదానికి. అన్నీ తప్పే. ఒక్కొక్క ముక్కకూ డెక్కు టేపును ముందుకు, వెనక్కు, మళ్ళీ ముందుకు లాగుతోంది. ఖాళీ దగ్గరికి రాగానే దారి తప్పిన ఎద్దులా అక్కడక్కడే తిరుగుతోంది. తిరిగిన ప్రతిసారీ లోపల కుయ్‌మని సన్నటి కూత. అది చెమ్మ తిన్న టేపు. ఇట్లా లాగితే పూత రాలుతుంది, అంచు ముడత పడుతుంది, ఆఖరుకు తెగుతుంది. ఓదెలుకు ఆ కూత కొత్త కాదు. ఇంకో పదిహేను ముక్కలు ఇట్లా పోతే, నాలుగో రోజు దాకా పోవడానికి టేపే మిగలదు.

ఎవరూ ఆయన్ని ఏమీ అనరు. దేన్నీ ముట్టకు అంది. ముట్టలేదు. పాత టేపు, తెగింది. అంతే కదా.

ఓదెలు చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. తేలు కుట్టిన దొంగ అంటారే, అట్లా. నాలుగు, అయిదు, ఆరు. గడియారం రెండూ అయిదు. ఒకసారి లేచి తలుపు దాకా వెళ్ళాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు లేదు. తిరిగి వచ్చి కూర్చున్నాడు. తొమ్మిది. పది.

పదకొండో ముక్క. డెక్కు వెనక్కి తిప్పింది, ఆగింది, పన్నెండూ నలభై దగ్గర ఆడింది.

మొదటి రోజు. సెట్టు వెనక టిఫిన్ల దగ్గర జనం. మధ్యలో తిరుమలేశ్, ఇరవై తొమ్మిదేళ్ళ వాడు, తడిగుడ్డలా వంగే ఒళ్ళు. చేతిలో ఉప్మా ప్లేటు పట్టుకునే పక్కనున్న గోడ మీదికి రెండడుగుల్లో ఎక్కి, కింద పడకుండా, ప్లేటు ఒలకకుండా దూకాడు. నవ్వుతూ కెమెరా వైపు వచ్చాడు.

"తీసినవారా చింటుగా? మంచిగ తియ్యి, మా పోరికి చూపెట్టాలె. నాయిన ఏం పని చేస్తడంటే బడిల కోతి అని చెప్పిందట!"

పక్కన నవ్వులు. కెమెరా తిరిగింది. స్టూలు మీద కూర్చుని తాడు చుడుతున్న ఓదెలు.

"వీన్ని కూడ తియ్యి" అన్నాడు తిరుమలేశ్, ఓదెలు భుజం మీద చెయ్యి వేసి. "ఏమన్న మాట్లాడిపియ్యి చూద్దాం. వీడు నోరు తెరిస్తె వాన పడి షూటింగ్ బంద్ అయితది. గందుకే మాట్లాడడు, పాపం!"

పచ్చ టిక్కు పడింది. డెక్కు పన్నెండో ముక్క కోసం టేపును గుంజింది. ఈసారి కూత కాదు, కీచుమని అరుపు. లోపల ఏదో పట్టుకుంది. డెక్కు ఇంకా బలంగా గుంజుతోంది.

ఓదెలు లేచి ఆపే మీట నొక్కాడు. తానే నొక్కానని నొక్కాక గానీ తెలియలేదు.

తలుపు తీసి మెట్ల దగ్గర నిలబడి అరిచాడు. ఆ ఆఫీసులో ఓదెలు అరవడం అదే మొదలు. రెండో గదిలో ఉన్నవాళ్ళు బయటికి తొంగి చూశారు.

"భువనా! బిడ్డా! జల్ది రా!"

భువన రెండేసి మెట్లు దిగి వచ్చింది. వచ్చి జాబితాను చూసింది. పదకొండు పచ్చ టిక్కులు. ముఖం వెలిగింది. "వచ్చినట్టే గద? ఎందుకు బంద్ జేసినవ్?"

"చూడు."

ఆమె పదకొండో ముక్క తెరిచింది. ఉప్మా, గోడ, తండ్రి, నవ్వు. భువన నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తండ్రి కర్ర లేకుండా నడవడం ఆమెకు లీలగా కూడా గుర్తు లేదు. ఒక్క క్షణమే. వెంటనే ఎదురుగా ఉన్నది బుర్రకెక్కింది.

"తాడు ఏది? గిది తాడు కట్టేది కాదు గద? నంబరు అదే గద మామా!"

ఓదెలు చెప్పాడు. టేపు తియ్యడం, బొట్టు, ఖాళీ, సున్నా. ముక్కలు ముక్కలుగా, అడ్డదిడ్డంగా, కానీ చెప్పాడు. అంత సేపు ఆయన మాట్లాడగా ఆమె ఎప్పుడూ వినలేదు. నోటు పుస్తకం లాక్కుని పేజీ పైన చూసింది. 'నాలుగో రోజు.' నెత్తి కొట్టుకుంది.

"ఇప్పుడెట్ల? నంబర్లు మల్ల కొట్టాల్నా?"

"నంబర్లు వద్దు. బ్యాచూ వద్దు. దాన్ని ముందుకెనకకు గుంజొద్దు ఇగ. మొదటికెళ్ళి ఆఖరు దాకా ఒక్కటే ఆట. నడిమిట్ల ఆపొద్దు. ఎంతొస్తె అంత కంప్యూటర్ల వడాలె."

"గంట టేపు. రెండూ ఇరవై అయింది."

"మెల్లగ తిప్పాలె. పావుగంట."

"మూడూ నలభైకి అయితది." ఆమె లెక్క చూసుకుంది. "తెగితే?"

ఓదెలు డెక్కు వైపు తిరిగాడు.

క్యాసెట్టును బయటికి తీశాడు. టేపు అంచు ఒకచోట జానెడు మేర ముడత పడి ఉంది. మెత్తని గుడ్డను వేలికి చుట్టుకుని, కంటి రెప్ప తుడిచినట్టు తుడిచాడు. డెక్కు మూత విప్పి తలకు స్పిరిట్ పట్టించాడు. ఏసీ ఆపించాడు, చల్లటి గదిలో టేపు చెమ్మ పట్టి తలకు అంటుకుంటుందని. పనిలో పడ్డ చేతులకు మనిషి గొడవ పట్టదు.

రెండూ ముప్పై ఎనిమిదికి ఆడటం మొదలైంది.

మొదటి రోజు బాగానే పోయింది. ఉక్కలో ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు. రెండో రోజు మొదట్లో నల్లటి ఖాళీ వచ్చింది. నంబరు సున్నాకు పడింది. భువన ఓదెలు వైపు చూసి తల ఊపింది. మూడో రోజు మధ్యలో బొమ్మ చతురస్రాలుగా పగిలిపోయింది. మొహాలు, గుర్రాలు, గొడుగులు అన్నీ పలకలు పలకలు. లోపల కూత మొదలైంది.

"మామా, ఆపనా?"

"ఊహూ."

"తెగుతదేమో!"

"ఆపితేనే అంటుకపోతది. పోనీ."

భువన రెండు చేతుల వేళ్ళు ఒకదాంట్లో ఒకటి బిగించింది. పది సెకన్లు. ఇరవై. కూత పెరిగి, పెరిగి, ఉన్నట్టుండి తగ్గింది. బొమ్మ మళ్ళీ అతుక్కుంది. ఆమె ఊపిరి వదిలింది. ఇక మిగిలింది నాలుగో రోజే.

మూడూ ఇరవైకి సుబ్రహ్మణ్యం తలుపు తోసుకుని వచ్చాడు. "ఏంటమ్మా, కొలిమిలా ఉంది ఇక్కడ? దొరికిందా లేదా? మిక్సింగ్ వాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు."

"వస్తాంది సార్. పది నిమిషాలు."

"పదంటే పదే." ఆయన వెనకాలే నిలబడ్డాడు, వాచీ చూసుకుంటూ.

నల్లటి ఖాళీ. సున్నా. నాలుగో రోజు.

క్లైమాక్స్ సెట్టు. పొగ. ఎక్కడో మైకులో అరుపులు. పది నిమిషాలు, పదకొండు, పన్నెండు. కెమెరా మెట్లెక్కి పైకి పోయింది. ఎత్తు మీద, అంచు దగ్గర తిరుమలేశ్ నల్ల దుస్తుల్లో నిలబడి ఉన్నాడు. అతని వెనక ఒక మనిషి, కెమెరాకు వీపు చేసి, నీలం చొక్కా, తలకు తువ్వాల. బెల్టు కొక్కేనికి తాడు వేశాడు. ముడి వేసి గుంజాడు. రెండోదానికి తాడు కొస మడిచాడు.

"ఎంతసేపయ్యా! షాట్ రెడీ, షాట్ రెడీ!" కింది నుంచి మైకు.

నీలం చొక్కా చేతులు ఆగాయి. తాడు కొస వదిలేశాయి. ఆ మనిషి గబగబా పక్కకు తప్పుకున్నాడు. తిరుమలేశ్‌కు తన వీపు కనపడదు కదా, తల తిప్పి అడిగాడు. "అయిందా?"

నీలం చొక్కా చెయ్యి పైకి లేచింది. బొటనవేలు చూపించింది. అయింది.

తిరుమలేశ్ నవ్వి, ముందుకు తిరిగాడు.

ఆ తర్వాతిది ఎవరూ చూడాలనుకోలేదు. భువన తల పక్కకు తిప్పేసుకుంది. చప్పుడు మాత్రం విన్నారు.

సుబ్రహ్మణ్యం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కట్టిందెవరో వేరే మనిషన్నమాట. మీ నాన్నగారు అడిగి మరీ దూకారు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆ మాట కోసేస్తానమ్మా. ఇప్పుడే. ఈ ముక్క నాకు పంపు."

ఆయన వెళ్ళిపోయాడు. ఆయన చెప్పులు మెట్లెక్కిన చప్పుడు పోయేదాకా గదిలో ఇద్దరూ కదలలేదు. టేపు ఇంకా ఆడుతూనే ఉంది.

అప్పటిదాకా కంప్యూటర్‌లోకి ఎక్కినదాంట్లోంచి భువన ఆ ముక్కను కత్తిరించి పంపింది. తెర మీద ఆ ముక్కనే మళ్ళీ వెనక్కి తెచ్చి, నీలం చొక్కా దగ్గర ఆపింది. వీపు, తువ్వాల, పైకి లేచిన చెయ్యి. ముఖం ఎక్కడా లేదు. ఒక్కొక్క బొమ్మే ముందుకు జరిపి చూసింది. లేదు.

"నాయిన పేరు ఒడ్డెక్కింది మామా, చాలు" అంది. కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ తెర వైపు చూసింది. "గీ మనిషి ఎవడో గని... నువ్వు గప్పుడు గదే యూనిట్ల ఉన్నవ్ గద. ఎరుక పడుతున్నడా?"

తప్పించుకోవడానికి ఇంత సులువైన దారి ఓదెలుకు జన్మలో దొరకలేదు. ఊహూ అని తల ఊపితే చాలు. నోరు కూడా తెరవనక్కర్లేదు. ముఖం లేని మనిషి. ఇరవై ఒక్క ఏళ్ళ కిందటి చొక్కా.

డెక్కులో టేపు ఆఖరుకు వచ్చి టక్కున ఆగింది.

"నేనే బిడ్డా" అన్నాడు ఓదెలు.

భువనకు మొదట అర్థం కాలేదు. నవ్వబోయింది కూడా. తర్వాత తెర మీది భుజాల వైపు చూసింది, ఎదురుగా కూర్చున్న భుజాల వైపు చూసింది.

"రెండో ముడి ఎయ్యలే. వేసిన్నో లేదో నాకే గుర్తు లేకుండె. మాస్టర్ అడిగితే నోరు తెరవలే. ఇగ ఆ రోజుకెళ్ళి..." వాక్యం పూర్తి కాలేదు. ఓదెలు ఇంకోటి కూడా ఉందన్నట్టు చెయ్యి ఎత్తి, దించేశాడు. "ఇందాక బొట్లు చూసినప్పుడే ఎరుకైంది నాకు, నంబర్లు తప్పు పోతయని. చెప్పలే. పది ముక్కలదాంక చూసుకుంట కూసున్న. టేపు తెగుతదని ఎరుకే."

"తెగాలె అనుకున్నవా?"

ఓదెలు తల దించుకున్నాడు. "అనుకున్న."

భువన కుర్చీ వెనక్కి జరిపి లేచింది. ఆమె ఏమంటుందోనని ఓదెలు చూశాడు. తిట్టినా బాగుండేది. ఆమె వెళ్ళి కిటికీ తెరిచింది. వేడిగాలి బయటికి పోయి, రోడ్డు మోత లోపలికి వచ్చింది.

"మా నాయినకు ఎరుకేనా, గది నువ్వని?"

"నన్నే గద అడిగింది, అయిందా అని."

"మరి ఎన్నడు నీ పేరు చెప్పలే ఇంట్ల. నువ్వు నాకు నౌకరి పెట్టిచ్చినవంటే ఊకున్నడు. బోనాలప్పుడు రమ్మందమా ఓదెలు మామను అంటె, ఆయన రాడు బిడ్డా అన్నడు. నేను నీకే పొగరనుకున్న." ఆమె గొంతు చివర్లో బిరుసెక్కింది. "ఇద్దరూ కలిసి నన్ను పిచ్చిదాన్ని జేసిన్రు."

ఓదెలు ఖాళీ డబ్బాను ఆమె వైపు జరిపాడు.

కింద బండి హారన్ మోగింది. టోలిచౌకి మనిషి డెక్కు కోసం వచ్చాడు. భువన డెక్కులోంచి టేపు తీసింది. చీటీ మీద నాలుగు బొట్లూ చూసింది, డబ్బాలో పెట్టి మూసింది. వైర్లు పీకి డెక్కును చంకన ఎత్తుకుంది. తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, ఒంటి చేత్తో ఫోన్‌లో ఏదో నొక్కి దాన్ని ఓదెలు ముందు బల్ల మీద పెట్టింది. స్పీకర్‌లో రింగు వినిపిస్తోంది. తెర మీద 'నాయిన' అని ఉంది.

"నేను చెప్ప" అంది. "నువ్వే చెప్పు."

తలుపు మూసుకుంది. ఓదెలు ఫోన్ వైపు చూశాడు. నాలుగు రింగులు. అయిదు. ఎత్తకపోతే బాగుండు అనుకున్నాడు. ఎత్తాడు.

"ఆఁ బిడ్డా! దొరికిందా?" అన్నాడు తిరుమలేశ్.

వెనక ఎక్కడో కుక్కర్ కూత వేసింది. కర్ర నేలకు తగిలిన చప్పుడు వినిపించింది.

"బిడ్డ కాదు తిరుమలేశూ. నేను" అన్నాడు ఓదెలు. "దొరికింది. నీతోటి మాట్లాడాలె, జర కూసో."

అవతల మనిషి ఫోన్ పెట్టెయ్యలేదు. కొంతసేపటికి కుర్చీ లాగిన చప్పుడైంది.